రిపోర్టు ఫోటో పంపింది నేనే, ఇప్పుడు ఆ మనిషికి పని లేకుండా పోయింది. ఏం చేయాలి?

హన్మకొండ_కౌంటర్ (ఆదివారం, రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే కానీ రాయలేదు. నాలుగు రోజుల నుంచి నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగైతే ఏమీ అనుకోవద్దు.

నేను హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తాను. ఓపీ చీటీలు, బిల్లింగ్, రిపోర్టులు ఇవ్వడం, ఫోన్లు ఎత్తడం అన్నీ ఆ కౌంటర్ దగ్గరే. నలభై పడకల ఆసుపత్రి. నైట్ డ్యూటీ వాళ్ళతో కలిపి అరవై మందిమి ఉంటాం. చేరి ఆరేళ్ళయింది, జీతం పద్నాలుగు వేలు. ఇంట్లో అమ్మ, ఇంటర్ చదివే తమ్ముడు, నేను.

పోయిన నెల పరకాల వైపు నుంచి ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు మోసే పని. ఆపరేషన్‌కు ముందు అందరికీ చేసినట్టే ఆయనకూ వైరల్ మార్కర్స్ (రక్తంలో వైరస్ జబ్బులు చూసే పరీక్షలు) చేశారు. హెపటైటిస్ బి (లివర్‌కు వచ్చే వైరస్ జబ్బు) పాజిటివ్ వచ్చింది.

మా దగ్గర ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ల్యాబ్‌లో రిపోర్టు రాగానే ఫోటో తీసి అందులో పెడతారు. డాక్టర్లు బయట ఉన్నా వెంటనే చూసుకోవచ్చని ఎప్పుడో మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో 47 మంది. డాక్టర్లు, సిస్టర్లు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) బాయ్స్, మెడికల్ షాపు పిల్లలు, పీఆర్వోలు. పని మానేసి వెళ్ళిపోయిన వాళ్ళు కూడా నలుగురు ఇంకా అందులోనే ఉన్నారు.

ఆ సాయంత్రం ఆ పేషెంట్‌ను మా దగ్గరికి పంపిన, ఊర్లో చిన్న వైద్యం చేసే ఆర్‌ఎంపీ ఫోన్ చేశాడు. "మేడం, మనోని రిపోర్టు ఏమొచ్చింది, ఒకసారి పెట్టండి" అన్నాడు. నెలకు పది పదిహేను మందిని పంపే మనిషి. ఆయన అడిగితే కాదనే అలవాటు మా దగ్గర లేదు. గ్రూపులో ఉన్న ఫోటోను అలాగే ఆయనకు ఫార్వర్డ్ చేశాను. కౌంటర్ ముందు అప్పటికే పదిమంది నిలబడి ఉన్నారు, రెండో ఆలోచన కూడా రాలేదు. అందులో పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు ఉన్నాయి. కింద పాజిటివ్ అని పెద్ద అక్షరాల్లో ఉంది.

పోయిన బుధవారం ఆయన భార్య ఒక్కతే వచ్చింది. బిల్లు కట్టడానికేమో అనుకున్నాను. కౌంటర్ అద్దానికి ఉన్న కంతలోంచి నా మొహంలోకే చూస్తూ అడిగింది: "మా ముచ్చట ఊర్లె ఎవలు చెప్పిండ్రు బిడ్డా? గీ దవఖానల తప్ప మేము ఇంకెక్కడ సూయించుకోలె." మిల్లులో సూపర్‌వైజర్ "నువ్వు నీళ్ళ కుండ ముట్టకు, నెల రోజులు పనికి రాకు" అన్నాడట. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్ళు ఈమె పక్కన కూర్చొని సద్ది తినడం మానేశారట. చిన్నబిడ్డను బడిలో పక్క పిల్లలు ఏదో అన్నారట, అది చెప్పబోయి ఆగిపోయింది.

నేను "ఏమో అమ్మా, నాకు తెల్వది" అన్నాను.

ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు కూడా కడుపులో దేవినట్టు అవుతుంది. నాకు తెలుసు. నా ఫోన్లో ఆ ఫార్వర్డ్ ఇంకా అలాగే ఉంది, టైముతో సహా.

మరుసటి రోజు మేనేజర్ సార్‌కు జరిగింది చెప్పాను. "అది చిన్న విషయం, ఆర్‌ఎంపీలకు చెప్పకపోతే కేసులెట్ల వస్తయి, ఇక్కడ అందరూ ఇట్లనే చేస్తరు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మకు బాగాలేనప్పుడు రాత్రి పన్నెండింటికి వచ్చి అడ్మిషన్ చేయించిన మనిషి. కానీ ఈ విషయం ఆయనకు విషయంగానే కనిపించడం లేదు.

ఆ రోజు నుంచి కౌంటర్ దగ్గర కూర్చుంటే ప్రతిదీ వేరేగా కనబడుతోంది. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట, జనగామ అన్ని వైపుల నుంచీ వస్తారు. పిల్లలు కావడం లేదని వచ్చిన జంటను పదిమంది వినేలా "ఎన్నేళ్ళయింది పెళ్ళయి?" అని నేనే అడిగాను. గర్భం తీయించుకోవడానికి వచ్చిన అమ్మాయి పేరు, ఇంటిపేరుతో సహా, మైకులో పిలిచాం. నా కంప్యూటర్ స్క్రీన్ సోఫాల వైపు తిరిగి ఉంటుంది, కూర్చున్నవాళ్ళు చదువుకోవచ్చు. పాత రిపోర్టుల వెనుక వైపు లెక్కలు రాసుకుంటాం, నెలాఖరుకు అవన్నీ చిత్తుకాగితాల వాడికి పోతాయి. ఇవన్నీ ఆరేళ్ళ నుంచి చూస్తున్నాను, ఒక్కరోజు కూడా తప్పు అనిపించలేదు.

నాకు తెలియాల్సింది ఇది. ఆమెకు నిజం చెప్పాలా? చెబితే నా ఉద్యోగం పోతుందా, కేసు అవుతుందా? ఆయనను మళ్ళీ పనిలోకి తీసుకునేలా నేను చేయగలిగింది ఏమైనా ఉందా? గ్రూపు ఆపమని నాలాంటి చిన్న ఉద్యోగి ఎలా అడగాలి? ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, చట్టం తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

---

రిటైర్డ్_సిస్టర్ (సోమవారం, ఉదయం 6:05)

బిడ్డా, నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైర్ అయ్యాను, 31 ఏళ్ళ సర్వీసు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

ముందు ఆ మనిషి ఆరోగ్యం సంగతి చూద్దాం, ఈ గొడవలో అందరూ దాన్నే మరిచిపోయినట్టున్నారు. హెపటైటిస్ బి రక్తం ద్వారా, భార్యాభర్తల కలయిక ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఒకే కుండలో నీళ్ళు తాగితే రాదు. పక్కన కూర్చొని తింటే రాదు. దగ్గితే రాదు. కాబట్టి మిల్లు సూపర్‌వైజర్ చెప్పిన మాటకు ఏ ఆధారమూ లేదు. అసలు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన భార్యకు, పిల్లలకు రక్తపరీక్ష చేసి, నెగెటివ్ వస్తే టీకా వేయించాలి. పెద్దవాళ్ళకు మూడు డోసులు: మొదటిది ఈ రోజు వేస్తే, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. ఆయనకు లివర్ పరీక్షలు, వైరస్ ఎంతుందో చూసే పరీక్ష చేసి, మందులు ఇప్పుడే కావాలా అక్కర్లేదా అని డాక్టరు చెప్పాలి. 2018 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ దవాఖానల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం. ఊరంతటికీ జబ్బు పేరు తెలిసింది, ఇంటి ఆడమనిషికి టీకా సంగతి మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్నో చూశాను.

ఇప్పుడు మీ గ్రూపు సంగతి. ఓటీ బాయ్స్, వార్డు పిల్లలు అందులో ఎందుకు ఉన్నారో నువ్వు అడిగావా? నేను చెబుతాను. భయం. సూది గుచ్చుకుంటే మనకు వస్తుందేమోనని ప్రతివాడికీ "ఎవరు పాజిటివ్" అని ముందే తెలుసుకోవాలని ఉంటుంది. 2000 ప్రాంతంలో మా వార్డులో హెచ్‌ఐవీ ఉన్న పేషెంట్ కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో పెద్ద గుర్తు పెట్టేవాళ్ళం. మంచానికి కూడా చీటీ కట్టేవాళ్ళం. చూడటానికి వచ్చిన బంధువులు ఆ చీటీ చూసి అక్కడి నుంచే వెనక్కి తిరిగి పోయేవాళ్ళు. ఒకావిడ చీర కొంగుతో ఆ చీటీని కప్పుకుని కూర్చునేది, ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. తర్వాత ట్రైనింగులో మాకు నేర్పారు: ఎవరి రక్తమైనా సరే, జబ్బు ఉన్న రక్తమే అనుకుని గ్లౌజులు వేసుకో, సూదికి మళ్ళీ మూత పెట్టకు, వాడిన సూది వాడిన చోటే కట్టర్‌లో పడాలి. అలా చేస్తే ఎవరికి ఏముందో వార్డు బాయ్‌కు తెలియాల్సిన అవసరమే ఉండదు. నిన్న చేరిన పేషెంట్‌కు ఇంకా పరీక్షే కాలేదు, ఆయనకు లేదని ఎవరు చెప్పారు? గుర్తు పెట్టినవాళ్ళ దగ్గర జాగ్రత్త, మిగతావాళ్ళ దగ్గర నిర్లక్ష్యం అంటే స్టాఫ్‌కే ప్రమాదం.

అందుకని మేనేజర్ దగ్గరికి పోయి "ఇది తప్పు సార్" అనకు. "సార్, మన స్టాఫ్‌లో ఎంతమందికి హెపటైటిస్ బి టీకా పడింది?" అని అడుగు. జవాబు ఉండదు, చూడు. టీకా వేయించి, సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో, ఎంతసేపట్లో చెప్పాలో గోడ మీద రాసి పెడితే ఆ గ్రూపు సగం దానంతట అదే అవసరం లేకుండా పోతుంది. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే మందు 72 గంటల లోపలే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. ఇది కూడా రాయించు.

ఆమెకు చెప్పాలా అంటే, చెప్పు బిడ్డా. కౌంటర్ దగ్గర కాదు. పక్కకు పిలిచి చెప్పు.

---

హన్మకొండ_కౌంటర్ (సోమవారం, ఉదయం 7:40)

అమ్మా, చాలా థాంక్స్. మీరన్నది నిజమే, ఆమెకు టీకా సంగతి ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక లైను ఇంగ్లీషులో రాసి ఉంది, అంతే. నాకు కూడా టీకా పడలేదు, మీరు రాసిన తర్వాతే గుర్తొచ్చింది. కేసు గురించి ఇంకా భయంగానే ఉంది.

---

వరంగల్_వకీలు (సోమవారం, రాత్రి 9:15)

చెల్లెమ్మా, నేను హన్మకొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. నీ కేసు వివరాలు చూడకుండా పూర్తి సలహా చెప్పలేను, కానీ చట్టం ఎక్కడ నిలబడుతుందో చెబుతాను.

చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "రోగి రహస్యం బయటపెడితే 2017 హెచ్‌ఐవీ చట్టం కింద జైలు" అని ఎవరైనా నీకు చెబితే నమ్మకు. ఆ చట్టం హెచ్‌ఐవీకి మాత్రమే, హెపటైటిస్ బికి వర్తించదు. ఆ మనిషికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు, నాకు బాధ కలిగించేది అదే. అయినా ఆ చట్టం నీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే మీ గ్రూపులో హెచ్‌ఐవీ రిపోర్టులు కూడా పడుతూనే ఉంటాయి, వైరల్ మార్కర్స్ అంటే అవన్నీ కలిపే కదా. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. ఒక మనిషి హెచ్‌ఐవీ స్థితిని అతని సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. ఆ సమాచారం ఉన్న సంస్థ దాన్ని భద్రంగా ఉంచే ఏర్పాట్లు చేయాలి. ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. ఇరవై మంది, అంతకు పైగా పనిచేసే ఆసుపత్రిలో ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. మీరు అరవై మంది ఉన్నారు. ఆ అధికారి ఎవరో మీలో ఒక్కరికైనా తెలుసా? మేనేజర్‌ను ఈ ప్రశ్న కూడా అడుగు.

గర్భం తీయించుకున్న అమ్మాయి పేరు మైకులో పిలిచామని రాశావు. దాన్ని వెంటనే ఆపించు. గర్భస్రావాల చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం ఆ స్త్రీ పేరు, వివరాలు చట్టప్రకారం అధికారం ఉన్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ డాక్టరు చెప్పకూడదు. చెబితే ఏడాది వరకు జైలు. ఆ అడ్మిషన్ రిజిస్టరే రహస్య పత్రం అని నిబంధనల్లో ఉంది. కౌంటర్ మీద తెరిచి పెట్టే పుస్తకం కాదది. మానసిక వైద్యం తీసుకునేవాళ్ళకు కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది.

ఇక ఈయన విషయం. డాక్టర్లకు 2002 నాటి వృత్తి నియమావళి ఉంది. చికిత్సలో తెలిసిన రోగి రహస్యాన్ని కోర్టు ఆదేశిస్తేనో, ఫలానా మనిషికి తీవ్రమైన ప్రమాదం ఉంటేనో, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు అయితేనో తప్ప బయటపెట్టకూడదు. ప్రభుత్వానికి తెలపడం అంటే ఊరికి తెలపడం కాదు. టీబీనే తీసుకో, 2012 నుంచి ప్రైవేటు ఆసుపత్రులు కూడా ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయాలి. అది ఆరోగ్య శాఖకు పోతుంది, గ్రామ వాట్సాప్‌కు కాదు. ఆ నియమావళి డాక్టరుకు వర్తిస్తుంది, నీకు నేరుగా వర్తించదు. కానీ ఆసుపత్రి నడిపే డాక్టరు తన దగ్గర పనిచేసేవాళ్ళు చేసినదానికి జవాబు చెప్పుకోవాలి. రోగి రాష్ట్ర వైద్య మండలికి, వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు.

2011 ఐటీ నిబంధనల్లోనే వైద్య రికార్డును సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా రాశారు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. డేటాకు తగిన భద్రత పెట్టకపోతే సంస్థకు 250 కోట్ల వరకు జరిమానా వేయవచ్చని అందులో ఉంది. మీ యజమాని డాక్టరు గారికి ఆ ఒక్క లైను చదివి వినిపించమను. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టిన ప్రతి రిపోర్టూ డిజిటల్ డేటానే.

నీ ఉద్యోగం సంగతి. నువ్వు సంస్థ అలవాటు ప్రకారం చేశావు, లాభం కోసం చేయలేదు. జరిగింది తేదీతో సహా రాసి మేనేజర్‌కు కాగితం మీద ఇవ్వు, ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. ఆ ఫార్వర్డ్‌కు ఒక స్క్రీన్‌షాట్ తీసి భద్రంగా ఉంచుకో, రేపు ఎవరైనా అడిగితే కావాలి. ఆమెకు నిజం చెబితే ఆమె ఫిర్యాదు చేయవచ్చు, ఆ హక్కు ఆమెది. లాయరు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, ఫోన్ నంబరు 15100. ఆ నంబరు కూడా నువ్వే ఆమెకు ఇవ్వాలి. అది నీకు కష్టమని తెలుసు.

---

ఏజెన్సీ_ఆర్‌ఎంపీ (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

నేను ఏటూరునాగారం వైపు ఆర్‌ఎంపీని. అందరం చెడ్డవాళ్ళం అన్నట్టు చదువుతుంటే బాధేసింది, అందుకే రాస్తున్నాను.

మా దగ్గర నుంచి వరంగల్ వంద కిలోమీటర్లకు దగ్గర. రాత్రి కడుపునొప్పి అంటే బండి మాట్లాడేది మేమే, అడ్మిషన్ దాకా వచ్చేది మేమే. పేషెంట్ ఇంటికి వచ్చిన తర్వాత ఆ డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. వాళ్ళకు రాదు. "సారూ, ఇందులో ఏం రాసిండ్రు, ఈ గోలి ఎప్పుడు వేసుకోవాలె" అని మా దగ్గరికే తెస్తారు. డ్రెస్సింగ్ మేమే చేస్తాం. రిపోర్టు తెలియకుండా చేస్తే మాకూ ప్రమాదమే.

కానీ ఆ రిపోర్టును పక్కవాళ్ళకు చెప్పినవాడు చేసింది ముమ్మాటికీ తప్పు. మా ఊర్లో ఒకరికి టీబీ అని తెలిసి నాలుగేళ్ళయింది, ఈ రోజుకూ నా భార్యకు కూడా చెప్పలేదు. నా కోరిక ఒక్కటే, మమ్మల్ని పూర్తిగా పక్కన పెట్టకండి. రిపోర్టు పేషెంట్ చేతికే ఇవ్వండి, తెలుగులో నాలుగు ముక్కలు చెప్పి పంపండి. చూపించాలనుకుంటే ఆయనే తెచ్చి నాకు చూపిస్తాడు. అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది ఆయన కోసం, ఆసుపత్రి కోసం కాదు.

---

స్పిన్నింగ్_షిఫ్ట్ (మంగళవారం, రాత్రి 10:50)

చెల్లె, నేను వేరే మిల్లులో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. ఆయన్ను మళ్ళీ పనికి పిలిపించడానికి నాకు తెలిసిన దారి చెబుతాను. డాక్టరు గారితో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించండి. అందులో జబ్బు పేరు ఉండొద్దు. "డ్యూటీకి ఫిట్, ఇన్ని వారాలు బరువులు ఎత్తకూడదు" అని ఉంటే చాలు. హెర్నియా ఆపరేషన్ అయినవాళ్ళకు బరువు సంగతి ఎట్లాగూ రాయాలి. మా దగ్గర కొత్తగా చేర్చుకునేటప్పుడు ల్యాబ్ వాళ్ళు మొత్తం రిపోర్టు హెచ్‌ఆర్‌కు మెయిల్ చేసేవాళ్ళు. ఎవరికి షుగరు, ఎవరికి ఫిట్స్ అని క్యాంటీన్ దాకా తెలిసిపోయేది. ఫిట్స్ సంగతి బయటపడిన కుర్రాడు సిగ్గుతో వారం తిరగకముందే మానేశాడు. మంచి పనివాడు. తర్వాత మేము నలుగురం పోయి అడిగాం, ఇప్పుడు ఫిట్, అన్‌ఫిట్ అనే కాగితం మాత్రమే వస్తుంది. సూపర్‌వైజర్‌తో కొట్లాడవద్దు, ఆయనకు కూడా తెలియకనే అన్నాడేమో. ఓనరుకు ఆ సర్టిఫికెట్ చూపిస్తే మాట వింటాడు.

---

హన్మకొండ_కౌంటర్ (శుక్రవారం, రాత్రి 11:45)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మంగళవారం మేనేజర్ సార్ దగ్గరికి కాగితంతో పోయాను. సిస్టర్ అమ్మ చెప్పినట్టే టీకా ప్రశ్నతో మొదలుపెట్టాను. ఆయన లెక్క తెప్పించారు, 23 మందికి ఒక్క డోసు కూడా పడలేదు. అందులో ఓటీలో పనిచేసేవాళ్ళే ఐదుగురు. అది విని ఆయనే పెద్ద సార్ దగ్గరికి తీసుకుపోయారు. పెద్ద సార్ నా కాగితం మొత్తం చదివారు. నన్ను ఒక్క మాట అనలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గ్రూపులో మందులషాపు వాళ్ళెందుకున్నరు?" అని మేనేజర్‌ను అడిగారు.

గ్రూపు పూర్తిగా పోలేదు. 47 మంది ఇప్పుడు 11 మంది అయ్యారు. వైరల్ మార్కర్స్, గర్భం రిపోర్టులు అందులో పెట్టకూడదు, ల్యాబ్ నుంచి డాక్టరుకు నేరుగా ఫోన్ చేసి చెప్పాలి. పేరు బదులు ఓపీ నంబరు పెట్టాలి. మైకులో టోకెన్ నంబరు పిలుస్తున్నాం. నా స్క్రీన్‌ను గోడ వైపు తిప్పుకున్నాను, దానికి ఎవరి పర్మిషనూ అడగలేదు. ఫిర్యాదుల అధికారి సంగతి మాత్రం "చూద్దాం" దగ్గరే ఉంది. ఇద్దరు ఆర్‌ఎంపీలు అప్పుడే కోపంగా ఫోన్ చేశారు. "రిపోర్టు పేషెంట్ చేతికే ఇచ్చామండీ, ఆయనే చూపిస్తారు" అని చెప్పాను. ఒకాయన ఫోన్ పెట్టేశారు. కేసులు తగ్గితే ఆ మాట నా మీదకే వస్తుందని తెలుసు.

గురువారం ఆయన రివ్యూకు వచ్చాడు, భార్య కూడా వచ్చింది. డాక్టరు సార్ ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి తలుపు వేసి, తెలుగులో అన్నీ చెప్పారు. ఆమెకు రక్తం తీశారు. పిల్లలను సోమవారం తీసుకురమ్మన్నారు. సర్టిఫికెట్‌లో జబ్బు పేరు లేదు, ఆరు వారాలు బరువులు వద్దని మాత్రమే ఉంది.

వాళ్ళు బయటికి వచ్చిన తర్వాత ఆమెను బండ్లు పెట్టే చోట చెట్టు కిందికి పిలిచాను. చెప్పేశాను. ఫోటో పంపింది నేనే అని, మొన్న తెలియదని అబద్ధం చెప్పానని. 15100 కాగితం మీద రాసి ఇచ్చాను.

తిడుతుందనుకున్నాను. ఆమె ఆ కాగితం మడిచి కొంగుకు ముడేసుకుంది. చాలాసేపు రోడ్డు వైపు చూసింది. అప్పుడు అంది: "మా ఆడబిడ్డనే చెప్పిందనుకున్న. ఆపరేషన్ నాడు ఆమెనే దవఖానల ఉండె. పదిహేను దినాలాయె ఆమెతోని మాట్లాడక. ఆమె ఏడ్సుకుంట పోయింది మా ఇంట్లకెళ్ళి."

నాకు ఏం అనాలో తెలియలేదు. క్షమించమని అడిగాను. ఆమె క్షమించాననలేదు. "నీ ఫోన్ల ఇంకా ఉన్నదా గా ఫోటో?" అని అడిగింది. ఉందన్నాను. వకీలు అన్న చెప్పినట్టు జరిగిందంతా కాగితం మీద రాసి ఇచ్చానని, అది పెద్ద సార్ చదివారని, నా ఫోన్లోంచి ఆమె ముందే తీసేస్తానని చెప్పాను. తీసేశాను. ఆమె స్క్రీన్ వైపు చూస్తూ నిలబడింది, తర్వాత "మిగిలినోళ్ళయి?" అంది.

అప్పటిదాకా నేను ఆ సంగతే ఆలోచించలేదు. గ్రూపులో పడిన ప్రతి ఫోటో నా ఫోన్ గ్యాలరీలో దానంతట అదే సేవ్ అవుతూ వచ్చింది. అక్కడి నుంచి గూగుల్ ఫోటోస్‌లోకి కూడా పోయింది. తమ్ముడు ఆ అకౌంట్‌తోనే ఇంట్లో టీవీ పెట్టుకుంటాడు, మా ఇంటి ఫోటోలు టీవీ మీద తిరుగుతుంటాయి. మా అమ్మ వంట చేస్తూ ఎన్నిసార్లు ఎవరి రిపోర్టు చూసిందో.

నిన్న రాత్రి ఆటోమేటిక్‌గా సేవ్ కావడం ఆపేశాను. టీవీలోంచి అకౌంట్ తీసేశాను. ఒక్కో నెల తెరిచి రిపోర్టులన్నీ తీసేస్తున్నాను, మధ్యలో తమ్ముడి పుట్టినరోజువి, మేడారం జాతరవి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకేసారి తీయడానికి లేదు. చెత్తబుట్ట ఫోల్డర్ కూడా ఖాళీ చేయాలని తమ్ముడు చెప్పాడు. ఇప్పటికి రెండేళ్ళవి అయ్యాయి. ఇంకా నాలుగేళ్ళవి ఉన్నాయి.

రేపు పొద్దున డ్యూటీకి పోగానే మిగతా పదిమందికి కూడా వాళ్ళ ఫోన్లు తెరిచి చూసుకోమని చెబుతాను.